పెట్టా, పుంజా? పెరటి కోళ్ల మీద పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సందేహం: గూట్లో పెరుగుతున్న పిల్లల్లో పెట్టలెన్ని, పుంజులెన్ని? అందుకే ఈ సంచిక మొత్తం దానికే కేటాయించాం.

మా పెరట్లో వనరాజా అనే పెరటి కోళ్ల రకం పిల్లలు 12 ఉన్నాయి. ఏడు వారాలు నిండాయి. జుట్టు చూడమని ఒకరు, కాళ్లు చూడమని ఒకరు, మెడ పట్టుకుని ఎత్తి చూడమని ఇంకొకరు తలో మాట చెబుతున్నారు. ఏది నమ్మాలండీ?
– గృహిణి, జగిత్యాల

మెడ పట్టుకుని ఎత్తే పరీక్ష మాత్రం వద్దండీ. కాళ్లు ముడిస్తే పెట్ట, వేలాడేస్తే పుంజు అంటారు. పిల్ల ఎంత బెదిరింది, ఎలా పట్టుకున్నాం అన్నదాన్ని బట్టి అదే పిల్ల ఉదయం ఒకలా, సాయంత్రం ఒకలా చేస్తుంది.

జుట్టు (అంటే నెత్తి మీద లేచే కండ), కాళ్లు పనికొచ్చే గుర్తులే. కానీ విడిగా ఒక పిల్లను చూసి చెప్పడానికి కాదు, ఒకే రోజు పొదిగిన ఒకే రకం పిల్లల్ని పక్కపక్కన పెట్టి పోల్చడానికి. ఏడు వారాల పుంజుపిల్లకు జుట్టు ఎత్తుగా లేచి ఎరుపెక్కుతుంది, ముక్కు కింద ఎర్ర తోళ్లు వేలాడటం మొదలవుతుంది, కాళ్లు లావుగా ఉంటాయి. అదే ఈడు పెట్టపిల్లకు జుట్టు చిన్నగా, లేత పసుపు, గులాబీ మధ్య రంగులో ఉంటుంది. తోక తేడా కూడా గమనించండి: పెట్టపిల్లలకు తోక, వీపు మీద ఈకలు ముందు నిండుతాయి. పుంజుపిల్ల అదే ఈడులో మొండి తోకతో, వీపు అక్కడక్కడా బోసిగా తిరుగుతుంటుంది.

ఇప్పుడు వాటిని మూడు గుంపులు చేయండి: తప్పకుండా పుంజులు, తప్పకుండా పెట్టలు, అనుమానం ఉన్నవి. మూడు రంగుల ప్లాస్టిక్ రింగులు కాళ్లకు వేయండి. రింగుకీ కాలికీ మధ్య అగ్గిపుల్ల సులువుగా దూరాలి. దారం ఎప్పుడూ కట్టకండి. కాలు లావెక్కే కొద్దీ దారం కండలోకి కోసుకుపోతుంది, ఈకల మాటున ఉండటంతో కుంటే దాకా కనబడదు. రింగునైనా వారానికోసారి చూసి, బిగువైతే పెద్దది మార్చాలి.

అసలు తీర్పు 10 నుంచి 12 వారాల మధ్య చెప్పాలి. నాటు రకాలు నిదానంగా ఎదుగుతాయి కాబట్టి వాటికి 14 వారాల దాకా ఆగండి. అప్పుడు చూడాల్సింది నడుము ఈకలు, అంటే తోక మొదలుకు ముందు వీపు మీద నుంచి రెండు పక్కలకీ జారే ఈకలు. చీకటి పడ్డాక, కోళ్లు వాసం ఎక్కి కూర్చున్న తర్వాత వెళ్లండి. పగలు తరిమి పట్టుకుంటే బెదిరి ఈకలు రాలుస్తాయి. అరచేతిని రొమ్ము కిందకు పోనిచ్చి, కాళ్ల మధ్య రెండు వేళ్లు ఉంచి, తల మీ మోచేతి వైపు వచ్చేలా పట్టుకోండి. కోడి కదలకుండా ఉంటుంది. ఇంకొకరు టార్చి పట్టుకుంటే నడుము ఈకల్ని వేలితో ఎదురుగా దువ్వి చూడండి.

పెట్ట ఈక కొస గుండ్రంగా, వేపాకు కన్నా వెడల్పుగా, అంచు దాకా ఒకే అల్లికతో ఉంటుంది. పుంజు ఈక సన్నగా, పొడవుగా, కొస సూదిగా ఉంటుంది. దాని అంచు పోగులు ఒకదానితో ఒకటి అల్లుకోవు, దువ్వెన పళ్లలా విడివిడిగా ఉంటాయి. వెలుతురు పడితే మెరిసేది ఆ అంచే. పది వారాలప్పుడు ఇలాంటివి మూడో నాలుగో మాత్రమే గుండ్రటి ఈకల మధ్య నుంచి పొడుచుకొస్తాయి. పిల్లప్పటి ఈకలు ఆడామగా తేడా లేకుండా గుండ్రంగానే ఉంటాయి కనుక పాత ఈకల్ని కాక, కొత్తగా వస్తున్నవాటినే చూడాలి. కొత్త ఈక మొదట్లో తెల్లటి పొర చుట్టుకుని, పుల్లలా ఉంటుంది. దాన్ని లాగకండి, లోపల రక్తం ఉంటుంది.

ఒక్క సూది ఈకైనా స్పష్టంగా కనబడితే పుంజే. కనబడకపోతే వెంటనే పెట్ట అనేయకుండా పది రోజులాగి మళ్లీ చూడండి.

ఐదు నెలలప్పుడు జుట్టు ఎర్రగా అయ్యిందని పుంజు అనుకుని ఒక కోడిని కోశాం. లోపల పచ్చసొనలు గుత్తిగా ఉన్నాయి. ఇంట్లో అందరం బాధపడ్డాం. ఎక్కడ పొరబడ్డాం?
– రైతు, మార్కాపురం

ఈ పొరపాటు చాలా పెరళ్లలో జరుగుతుంది, కారణం కూడా ఇదే. గుడ్డుకు వచ్చే ముందు పెట్ట జుట్టు కూడా పెరుగుతుంది, ఎర్రబడుతుంది. ఎదుగుదల బాగున్న రకాల్లో ఇది 18 నుంచి 22 వారాల మధ్య కనబడుతుంది, నాటు పెట్టల్లో ఇంకొంచెం ఆలస్యంగా. రెండు నెలలప్పుడు ఎరుపు పుంజు గుర్తు. ఐదు నెలలప్పుడు అదే ఎరుపు పెట్ట గుడ్డుకు సిద్ధమవుతోందనడానికి గుర్తు. ఈడు చూడకుండా రంగు చూస్తే మోసపోతాం.

ఇక మీదట కోసే ముందు మూడు విషయాలు చూడండి. మొదటిది పైన చెప్పిన నడుము ఈక. ఐదు నెలల పుంజుకు సూది ఈకలు నడుమంతా కమ్మేసి ఉంటాయి, వెతకాల్సిన పని ఉండదు. రెండోది, మలద్వారానికి రెండు పక్కలా చేతికి తగిలే సన్నటి ఎముకలు. గుడ్డుకు దూరంగా ఉన్న పెట్టకు వాటి మధ్య ఒక్క వేలే పడుతుంది. గుడ్డుకు వచ్చిన పెట్టకు రెండు, మూడు వేళ్లు పడతాయి, ద్వారం వెడల్పై తడిగా ఉంటుంది. పుంజుకు ఆ ఎముకలు ఎప్పుడూ దగ్గరగా, బిగువుగానే ఉంటాయి. మూడోది, వీపు మీద చెయ్యి వేయగానే రెక్కలు కాస్త విప్పి నేలకు ఒదిగి కూర్చుంటే అది గుడ్డు మీదికి వస్తున్న పెట్ట.

దీనికి తిరగబడ్డ పొరపాటూ ఉంది. కడుపులో నట్టలు ఎక్కువైనా, పేలు పట్టినా పుంజుపిల్ల జుట్టు పాలిపోయి చిన్నగా ఉండిపోతుంది. పెట్ట అనుకుని గుడ్ల కోసం నెలల తరబడి మేపుతాం. నట్టల మందు పట్టించిన రెండు, మూడు వారాలకు జుట్టు ఎర్రబడి అసలు సంగతి బయటపడుతుంది. మశూచి పొక్కులు కట్టినప్పుడు కూడా జుట్టు చూసి ఏదీ తేల్చకండి.

గుండ్రటి గుడ్లు పొదిగిస్తే పెట్టలు, కోసుగా ఉన్నవి పొదిగిస్తే పుంజులు వస్తాయంటారు. నిజమేనా?
– డిగ్రీ విద్యార్థి, నారాయణఖేడ్

కాదు. గుడ్డు ఆకారం దాన్ని పెట్టిన పెట్ట అండనాళం తీరును బట్టి వస్తుంది. ఒక పెట్ట గుడ్లన్నీ ఏడాది పొడవునా దాదాపు ఒకే ఆకారంలో ఉంటాయి, వాటిలో ఆడా ఉంటాయి, మగా ఉంటాయి. పైన పెంకు కట్టక ముందే, పచ్చసొన విడుదలయ్యే వేళకే పిల్ల ఆడో మగో తేలిపోతుంది. మనుషుల్లో అది తండ్రి నుంచి వచ్చే కణాన్ని బట్టి ఉంటుంది, కోళ్లలో తల్లిని బట్టి. గుడ్డు మీద ఉంగరం కట్టిన దారం ఊపి చూడటం కూడా అంతే, సగం సార్లు నిజమవుతుంది. గుడ్లు ఎంచుకునేటప్పుడు ఆకారం చూడాల్సింది వేరే కారణానికి: మరీ గుండ్రంగా, మరీ పొడుగ్గా, పెంకు గరుకుగా ఉన్నవి సరిగ్గా పొదగవు, పక్కన పెట్టండి.

సంతలో పిల్లలు మారాం చేస్తే రంగులు పూసిన కోడిపిల్లలు ఆరు కొన్నాం. వీటిలో పెట్టలు ఉంటాయా?
– ఉపాధ్యాయురాలు, పలాస

ఆశ పెట్టుకోకండి. అవి చాలావరకు గుడ్ల కోళ్ల హేచరీల నుంచి వచ్చే మగపిల్లలు. గుడ్ల కోసం పెంచే తెల్ల లెగ్‌హార్న్ తరహా రకాల్లో పుంజులు గుడ్లు పెట్టవు, బ్రాయిలర్‌లా మాంసమూ పట్టవు. అందుకని పుట్టిన రోజే ఆడపిల్లల్ని ఉంచుకుని మగవాటిని తీసేస్తారు. చాలా చోట్ల వాటిని చంపేస్తారు కూడా. జర్మనీ 2022 నుంచి అలా చంపడాన్ని నిషేధించింది. అక్కడ గుడ్డు పొదిగే దశలో ఉండగానే ఆడామగా తేల్చే యంత్రాలు వాడుతున్నారు.

ఒక్కరోజు పిల్లను చూసి తేల్చే పద్ధతిని 1920లలో జపాన్ శాస్త్రవేత్తలు వెలుగులోకి తెచ్చారు. మలద్వారాన్ని మెల్లగా విప్పి, లోపల గుండుసూది తలంత బుడిపె ఉందా లేదా అని చూస్తారు. ఆడపిల్లల్లో కొన్నింటికి కూడా చిన్న బుడిపె ఉంటుంది కనుక నెలల తరబడి శిక్షణ కావాలి. ఇంట్లో మీరు మాత్రం ప్రయత్నించకండి. కాస్త గట్టిగా నొక్కితే లోపలి సొన సంచి చితికి పిల్ల చచ్చిపోతుంది.

తెచ్చినవాటిని బతికించుకోవడం ముందు పని. మొదటి వారం వాటి దగ్గర 35 డిగ్రీల వేడి ఉండాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించవచ్చు. గంప కింద 60 వాట్ల పాత రకం బల్బు అడుగు ఎత్తున వేలాడదీయండి. ఎల్‌ఈడీ బల్బు వేడి ఇవ్వదు. పిల్లలు బల్బు కింద గుమిగూడితే వేడి చాలడం లేదు, గంప అంచుకు చేరితే ఎక్కువైంది. రంగు నూగుకే ఉంటుంది కాబట్టి ఈకలు వచ్చే కొద్దీ తెల్లబడతాయి. నాలుగైదు వారాలకే జుట్టు ఎర్రగా లేస్తే అర్థమైపోతుంది.

పది పిల్లలు కొంటే ఏడు పుంజులే తేలాయి. అమ్మినవాళ్లు ఏరి ఇచ్చారా?
– పాఠకుడు, సూర్యాపేట

అలా అనుకోనక్కర్లేదు. ఏరకుండా ఇచ్చే పిల్లల్లో ఆడామగా సగం సగం అన్నది వేల పిల్లల లెక్క. పదింటిలో ఏడు గానీ అంతకన్నా ఎక్కువ గానీ పుంజులయ్యే అవకాశం వందకు 17, అంటే ఆరుగురు కొంటే వాళ్లలో ఒకరికి ఇలా తగులుతుంది. కనీసం నాలుగు పెట్టలు కావాలనుకుంటే పది పిల్లలతో వందకు 83 సార్లు దక్కుతాయి, పన్నెండు తెస్తే 93 సార్లు. చచ్చిపోయేవి దీనికి అదనం కనుక రెండు ఎక్కువే తెచ్చుకోండి.

మా దగ్గర అసీల్ జాతి పిల్లలున్నాయి. మా బావగారి దగ్గర కడక్‌నాథ్. రెండింటిలోనూ జుట్టు చూసి చెప్పడం కుదరడం లేదు.
– పాఠకుడు, భీమవరం

కుదరదు కూడా. ఆ రెండు జాతులకూ జుట్టు అనే గుర్తు చెల్లదు, ఒక్కోదానికి ఒక్కో కారణం.

అసీల్ జుట్టు రంపంలా లేవదు. మూడు వరుసల బుడిపెలుగా నెత్తికి అంటుకుని ఉంటుంది, పుంజుకైనా అంతే. ముక్కు కింద తోళ్లు కూడా నామమాత్రం. పైగా అసీల్ పెట్టపిల్లలు నిటారుగా నిలబడతాయి, కాళ్లు బలంగా ఉంటాయి, ఒకదానితో ఒకటి రొమ్ము ఢీకొట్టి కలబడతాయి. కొట్లాడింది కదా అని పుంజు గుంపులో వేసిన పెట్టలు ఎన్నో. ముదిరిన అసీల్ పెట్టలకు కాలి ముల్లు కూడా వస్తుంది. కనుక నిలబడే తీరు, కొట్లాట, ముల్లు మూడూ వదిలేసి నడుము ఈకనే నమ్మండి. ఈ జాతి ఈకలు కురచగా, ఒంటికి అతుక్కుని ఉంటాయి కాబట్టి దువ్వి వెతకాలి. 14, 16 వారాలకు గానీ స్పష్టంగా తెలియకపోవచ్చు. బరువు తోడు పెట్టుకోండి: ఒకే ఈడు పిల్లల్ని సంచిలో వేసి చిన్న తూకంతో వారం వారం తూచి రాస్తే, మూడో నెలకు పుంజుల వరుస పైకి విడిపోతుంది.

రంగు కూడా కొంత చెబుతుంది. డేగ లాంటి ఎరుపు నలుపు పుంజుల సంతానం పుట్టుకలో గోధుమ రంగు చారలతో ఉంటే, ఆరేడు వారాలప్పుడు రొమ్ము చూడండి. నల్ల ఈకలు దిగుతుంటే పుంజు. రొమ్ము లేత గోధుమ, ఇటుక రంగుల్లోనే ఉండి, వీపు మీద సన్నటి చుక్కలు పడుతుంటే పెట్ట. కాకి (నలుపు), సేతు (తెలుపు) లాంటి ఒకే రంగు కోళ్లకు ఈ గుర్తు లేదు.

మధ్యప్రదేశ్ ఝాబువా ప్రాంతపు కడక్‌నాథ్‌కు తోలు, జుట్టు, మాంసం అన్నీ నలుపే. ఎరుపు కోసం చూస్తే ఎప్పటికీ తేలదు. దానికి జుట్టు రంగు కాదు, కొలత చూడాలి. రంపంలా లేచే జుట్టే కాబట్టి ఎనిమిది, తొమ్మిది వారాలకు పుంజుది పెట్టదానికి రెట్టింపు ఎత్తు ఉంటుంది. మెడ ఈకల్లో వెండి, ఆకుపచ్చ మెరుపు కూడా పుంజుకే ఎక్కువ. మెడ బోసి కోళ్లు ఉన్నవాళ్లు మెడ ఈక కోసం వెతక్కుండా తిన్నగా నడుముకే వెళ్లండి.

పుట్టిన రోజే ఆడామగా తెలిసేలా ఇంట్లోనే జత కట్టించే మార్గం ఉందంటారు. వివరిస్తారా?
– మహిళా సంఘం సభ్యురాలు, అనకాపల్లి

ఉందండీ. ఇది తెలిస్తే పెరటి పెంపకం ఎంతో సులువవుతుంది. కొన్ని రంగు లక్షణాలను తల్లికోడి తన కొడుకులకే ఇస్తుంది, కూతుళ్లకు ఇవ్వదు. కూతుళ్లకు ఆ లక్షణం తండ్రి నుంచే రావాలి. తల్లిలో ఉన్నది తండ్రిలో లేకపోతే కొడుకులు తల్లిలా, కూతుళ్లు తండ్రిలా విడిపోతారు.

రోడ్ ఐలండ్ రెడ్ అనే ఎర్ర జాతి పుంజుతో గళ్ల ఈకలుండే ప్లిమత్ రాక్ జాతి పెట్టను జత చేయండి. పిల్లలన్నీ నల్లటి నూగుతోనే పుడతాయి, కానీ నెత్తి మీద తెల్ల మచ్చ ఉన్నవి పుంజులు, మచ్చ లేనివి పెట్టలు. అదే పుంజును లైట్ ససెక్స్ జాతి పెట్టతో జత చేస్తే లేత పసుపు పిల్లలు పుంజులు, ఎర్రటి గోధుమ రంగువి పెట్టలు.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, తిరగేసి జత చేయడం దగ్గర. గళ్ల పుంజు, ఎర్ర పెట్ట అయితే పిల్లలన్నింటికీ గళ్లే వస్తాయి, ఏదీ తేలదు. ఇలా పుట్టిన పిల్లల్ని పెంచి వాటిలో వాటికి జత కట్టించినా రెండో తరంలో గుర్తు చెదిరిపోతుంది, ప్రతిసారీ అసలు తల్లిదండ్రుల నుంచే గుడ్లు తీయాలి. తెల్ల లెగ్‌హార్న్ పెట్టతో కూడా కుదరదు. దాని తెలుపు వేరే రకం, రంగునంతా కప్పేసి ఆడామగా ఇద్దరికీ పోతుంది.

రెక్క చాచి ఈకల పొడవు చూసే పద్ధతికీ ఇదే సూత్రం. ఈకలు ఆలస్యంగా వచ్చే తల్లి, తొందరగా వచ్చే తండ్రి ఉంటేనే ఒకటి, రెండు రోజుల పిల్లల్లో తేడా కనబడుతుంది: పెట్టకు రెక్క పెద్ద ఈకలు పై వరుస కన్నా పొడుగ్గా, పుంజుకు రెండు వరుసలూ సమానంగా. నాటు కోళ్ల పిల్లల రెక్కలు చాచి చూడటం వృథా శ్రమ.

మూడేళ్లుగా గుడ్లు పెట్టిన పెట్ట ఇప్పుడు పుంజులా కూస్తోంది, మెడ ఈకలు మెరుస్తున్నాయి. అరిష్టమని ఊళ్లో కోసేయమంటున్నారు.
– పాఠకురాలు, వనపర్తి

అరిష్టం కాదమ్మా, ఆ పెట్ట ఒంట్లో వచ్చిన మార్పు. కోడిపెట్టకు పనిచేసేది ఎడమవైపు అండాశయం ఒక్కటే, కుడివైపుది పెరగకుండా ఉండిపోతుంది. పెట్ట ఈక గుండ్రంగా ఉండటానికి కారణం ఆ ఎడమ అండాశయం నుంచి వచ్చే ఆడ హార్మోను. ముసలితనం వల్లో, గడ్డ, చీము వల్లో అది దెబ్బతింటే హార్మోను ఆగిపోతుంది. తర్వాత ఈకలు రాల్చి కొత్తవి వేసుకున్నప్పుడు అవి పుంజు ఈకల్లా వస్తాయి. జుట్టు పెరుగుతుంది, ముల్లు వస్తుంది, కూస్తుంది. అది పుంజుగా మారినట్టు కాదు, గుడ్లు ఆగిపోయిన పెట్ట.

ఇది అన్ని దేశాల్లోనూ మనుషుల్ని భయపెట్టింది. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో 1474లో గుడ్డు పెట్టిందని ఒక కోడిపుంజుపై విచారణ జరిపి తగలబెట్టారు. అది బహుశా మీ పెట్టలాంటిదే.

పుంజు లేని గుంపులో పెత్తనం చేసే పెట్ట కూడా అప్పుడప్పుడు కూస్తుంది. ఈకలు మారకుండా, గుడ్లు ఆగకుండా ఉంటే దాన్ని పట్టించుకోనక్కర్లేదు. ఈకలు మారిన పెట్ట పొట్ట ఉబ్బి ఉంటే, తినడం తగ్గితే పశువైద్యుడికి చూపించండి.

ఇదే విధంగా, కూయనంత మాత్రాన పెట్ట అనుకోకండి. పెద్ద పుంజు ఉన్న పెరట్లో చిన్న పుంజులు దెబ్బలకు భయపడి నెలల తరబడి గొంతు విప్పవు.

తేలాక ఎన్ని పుంజులు ఉంచుకోవాలి? మిగతావి ఎప్పుడు తీయాలి?
– యువరైతు, కర్నూలు

పొదిగించే గుడ్లు కావాలంటే 8 నుంచి 10 పెట్టలకు ఒక పుంజు చాలు. తినే గుడ్లకైతే పుంజు అవసరమే లేదు, అది లేకున్నా పెట్టలు గుడ్లు పెడతాయి. పుంజులు ఎక్కువైతే ముందు తెలిసేది పెట్టల వీపు మీద: ఈకలు ఊడి, తోలు ఎర్రగా బయటపడుతుంది, నెత్తి మీద పొడిచిన గాట్లు ఉంటాయి. నాలుగో నెల రాగానే అదనపు పుంజుల్ని వేరే గూట్లోకి మార్చండి. మేత కూడా అప్పుడే విడదీయాలి. గుడ్ల కోళ్ల దాణాలో సున్నం మూడున్నర శాతం దాకా ఉంటుంది. పెరిగే పిల్లలకు ఒక శాతం చాలు, అంత సున్నం పుంజుల మూత్రపిండాలకు, గుడ్డుకు రాని పెట్టలకు చేటు చేస్తుంది. అందరికీ ఒకే గూడు తప్పదనుకుంటే పెరుగుదల దాణానే వేసి, ఆల్చిప్పల పొడి విడిగా మట్టి మూకుట్లో పెట్టండి. గుడ్డు పెట్టే పెట్టలు కావలసినంత తింటాయి, మిగతావి ముట్టవు.

గిన్నీ కోళ్లలో ఆడామగా ఒకేలా ఉన్నాయి. ఎలా తెలుస్తుంది?
– పాఠకుడు, హుజూరాబాద్

అరుపు వినండి. ఆడది రెండు ముక్కలుగా, రెండో ముక్క పైకి లేపి అరుస్తుంది. మగది ఒకే ముక్కను వరసగా అరుస్తుంది, రెండు ముక్కల అరుపు దానికి రాదు. ఆడది బెదిరినప్పుడు మగదానిలా ఒకే ముక్క కూడా అరవగలదు కనుక, ఒకే ముక్క విని మగ అని రాసుకోకండి. రెండు ముక్కలు వినబడిన పిట్టకు మాత్రం అప్పుడే రింగు వేసేయవచ్చు. రెండు, మూడు నెలల ఈడులో, పొద్దున గూడు తలుపు తీసిన వెంటనే ఈ అరుపు బాగా వినబడుతుంది.